పాత బృందంలో క్రొత్త గొంతు

ఒక వాద్యబృందంలో గిటారు వాయించేవాడు మారితే శ్రోతలలో పెక్కుమంది గుర్తించకపోవచ్చు. గాయకుడు మారితే మాత్రం తొలిపాట మొదలైన క్షణంలోనే తెలిసిపోతుంది. కనుక గాయకుణ్ణి కోల్పోయిన బృందం పాత గొంతును పోలిన గొంతునైనా వెదకుకోవాలి, క్రొత్త గొంతుకు తగినట్లు తన బాణీనైనా మార్చుకోవాలి. మొదటిది సులభం, రెండవది సాహసం. ఆ సాహసం చేసి నిలిచిన బృందం ఇంగ్లండులోని ‘బ్లాక్ సబ్బత్’. మన విద్యార్థులలో ఈ పేరు విన్నవారు కొందరున్నారు. ఆ మార్పు ఎట్లు జరిగిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్లాక్ సబ్బత్ 1968లో పారిశ్రామిక నగరమైన బర్మింగ్‌హాంలో పుట్టింది. గిటారు వాద్యకుడు టోనీ అయోమీ పదిహేడవ ఏట రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, యంత్రం క్రింద పడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసాను కరిగించి తొడుగులు చేసుకొని, వాటికి తోలు అంటించి మరల వాయించాడు. తరువాత తీగల బిగువును కూడ తగ్గించాడు. దానివలన నాదం మరింత మంద్రమై, బరువెక్కింది. హెవీ మెటల్ అనే సంగీతశాఖకు ఆ బరువైన నాదమే పునాదులలో ఒకటి అయింది.

1970 నుండి 1978 వరకు ఎనిమిది ఆల్బములలో ఈ బృందానికి గాయకుడు ఓజీ ఆస్‌బర్న్. క్రమంగా మద్యం, మాదకద్రవ్యాలు బృందాన్నంతటినీ పీడించాయి. ఓజీ పనికి దూరమయ్యాడు. 1979లో అతణ్ణి తొలగించారు. ఆ మాట అతనికి చెప్పవలసిన భారం డ్రమ్ము వాద్యకుడు, చిరకాల మిత్రుడు బిల్ వార్డ్‌పై పడింది.

ఆ స్థానంలోకి వచ్చినవాడు రానీ జేమ్స్ డియో. 1942లో అమెరికాలో ఇటాలియన్ సంతతి కుటుంబంలో జన్మించాడు. ‘ఎల్ఫ్’, ‘రెయిన్‌బో’ బృందాలలో పాడి పేరు గడించాడు. పొట్టి మనిషి, గట్టి గొంతు.

ఇక్కడ సంగీత రహస్యం ఒకటి గమనింపదగినది. గిటారుపై మరల మరల వచ్చే చిన్న స్వరగుచ్ఛాన్ని ‘రిఫ్’ అంటారు. ఓజీ గొంతు తరచుగా ఆ రిఫ్ వెంటనే నడిచేది. మన పద్యనాటకాలలో హార్మోనియం గాయకుణ్ణి వెన్నంటుతుంది. ఇక్కడ గాయకుడే వాద్యాన్ని వెన్నంటాడన్నమాట. ‘ఐరన్ మ్యాన్’ పాట అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. డియో అట్లు పాడలేదు. గిటారు ఒకవైపు సాగుతుండగా, అతని రాగం దానికి అడ్డంగా, వేరొక త్రోవలో ఎగసేది. అందుచేత అయోమీ గొంతుకు చోటు విడిచి, దాని క్రింద స్వరసమూహాలను మార్చుతూ వాయించడం ఆరంభించాడు. గాయకుడు మారగా వాద్యకుని చేయికూడ మారింది.

సాహిత్యం కూడ మారింది. అంతకుముందు పాటలు అధికంగా వ్రాసినది బాస్ గిటారు వాద్యకుడు గీజర్ బట్లర్. అతడు రచన సాగుతున్న కాలంలో కొన్నాళ్లు దూరంగా ఉండి, మరల వచ్చి ఆల్బంలో వాయించాడు. ఈసారి పాటలన్నీ డియో వ్రాశాడు. ధ్వనిముద్రణ మయామీలోను, పారిస్‌లోను జరిగింది. నిర్మాత మార్టిన్ బర్చ్. ‘హెవెన్ అండ్ హెల్’, అనగా స్వర్గనరకాలు, అనే పేరుతో 1980 ఏప్రిల్‌లో వెలువడిన ఈ ఆల్బం బ్రిటన్ పట్టికలో 9వ స్థానానికి చేరింది. అమెరికాలో 1978 నాటి ఆల్బం 69వ స్థానంతో ఆగిపోగా, ఇది 28వ స్థానం అందుకొన్నది.

వేదికపై మాత్రం డియో ఓజీ పాటలనుకూడ పాడక తప్పలేదు. ఓజీ రెండు వ్రేళ్లు విప్పి శాంతిచిహ్నం చూపేవాడు. దానిని అనుకరించడం ఇష్టంలేక డియో చూపుడువ్రేలు, చిటికెనవ్రేలు నిలిపి మరొక ముద్ర పట్టాడు. అది తన అవ్వ దిష్టి తగలకుండా పట్టే ముద్ర అని చెప్పేవాడు. అదే నేడు లోకమంతటా మెటల్ శ్రోతల గుర్తు.

ఓజీ కథకూడ అంతటితో ముగియలేదు. అదే 1980లో తన స్వంత ఆల్బంతో అతడు మరల నిలబడ్డాడు. డియో 1982లో బృందాన్ని విడిచి, తరువాత రెండు పర్యాయాలు పాత మిత్రులను కలిసి, 2010లో మరణించాడు. 2025 జూలై 5న తొలి నలుగురూ బర్మింగ్‌హాంలో చివరిసారిగా వాయించారు. అదే నెల 22న ఓజీ కన్నుమూశాడు.

ఒక పెద్దాయన పదవీవిరమణ చేసిన తరువాత ఆయన తరగతిలో నేను మొదటిసారి పద్యం చదివిన దినం నాకు గుర్తున్నది. ఆయన రాగాన్నే అనుకరించాను. విద్యార్థులు ముసిముసిగా నవ్వారు. మరుసటి వారం నా గొంతుతో చదివాను. మెచ్చుకొన్నారని చెప్పలేను గాని, విన్నారు.