పెరటి పూలు, ఆకులు: రుతువుల లెక్క

చామంతి హ్రస్వదిన మొక్క, అంటే పగటి నిడివి తగ్గి రాత్రి పెరిగినప్పుడే మొగ్గ తొడిగే జాతి కనుక, తెలుగు నేలపై వానాకాలంలో నాటిన నారు చలికాలానికి పూస్తుంది. రాత్రంతా వీధిదీపం వెలుగు పడే చోట మాత్రం మొగ్గ ఆలస్యమవుతుంది. మల్లె తీరు వేరు: దాని పూలు కొత్త చిగుళ్లపైనే వస్తాయి కాబట్టి, చలికాలంలో కొన్నాళ్లు నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆపై ఎరువు వేసి తడిపితే వేసవిలో పొద నిండుగా విరబూస్తుంది. ఈ కత్తిరింపునకు జంకడం వల్లనే ఎన్నో పెరళ్లలో మల్లె పలచబడుతోంది. కొత్తిమీర ఎండ ముదిరితే ఆకు మాని పూతకు పోతుంది కనుక చలికాలమే దానికి అనువు. తులసి వెన్నులను, అంటే పూల కంకులను, గింజ పట్టకముందే తుంచితే పక్క కొమ్మలు పుట్టి ఆకు దట్టమవుతుంది. కొన్నింటిని మాత్రం ఎండనిస్తే తొలకరికి చల్లుకోవడానికి విత్తనం ఇంట్లోనే దొరుకుతుంది.