పంచాయతీ కంప్యూటరునకు ఏ ఆపరేటింగు సిస్టము?

విండోస్ 10తో నడచు కంప్యూటరు ఏ పంచాయతీ కార్యాలయమున నున్నను, అచట ఒక నిర్ణయము చేయవలసి యున్నది. మైక్రోసాఫ్టు సంస్థ దానికి ఉచితముగ ఇచ్చుచుండిన సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. యంత్రము మాత్రము యథాప్రకారము పనిచేయుచునే యుండును; అందువలననే ఈ సంగతి పలువురి దృష్టికి రాదు. ఎవరైన గమనించి దుకాణదారు నడిగినచో, క్రొత్తది కొనుడని చెప్పును. కొనవలెనా, వలదా అని తీర్మానించవలసినవారు సభ్యులు.

ఏలూరు కాలువ క్రింద సేద్యము చేయువారికి లస్కరు పని యేమో మేము చెప్పనక్కరలేదు. కాలువ యొక్కటే, తూములు అనేకము. ఏ తూమునకు ఎప్పుడు, ఎంత నీరు వదలవలెనో చూచువాడు లస్కరు. కంప్యూటరులో ఆ పని చేయునది ఆపరేటింగు సిస్టము. లెక్కల ప్రోగ్రాము, బ్రౌజరు, ప్రింటరు ఒక్కసారే పని కోరినపుడు ప్రాసెసరును, మెమరీని వానికి పంచి యిచ్చునది అదియే. గట్టు కాపాడుటయు దాని విధియే. ఇప్పుడు నిలిచిపోయిన మరమ్మతులు గండ్లు పూడ్చునట్టివి. దొంగలు క్రొత్త గండ్లను వెదకుచునే యుందురు. తమ్మిలేరు పొంగిన పిమ్మట చూచుకొందమని గట్టును విడిచిపెట్టువారు కొల్లేటి ప్రాంతమున ఉండరు గదా! పంచాయతీ చెల్లింపులు జరుగు యంత్రమున గండి పడినచో నష్టపోవునది గ్రామనిధియే.

మొదటి మార్గము విండోస్ 11. దీనికి కనీసము 4 జీబీ మెమరీ, 64 జీబీ నిలువచోటు, టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు ముందువి సాధారణముగ అంగీకరింపబడవు. మైక్రోసాఫ్టు వారి ‘పీసీ హెల్త్ చెక్’ అను ఉచిత ప్రోగ్రామును నడిపినచో యంత్రము తగునో కాదో తెలియును. తగినచో విండోస్ 10 నుండి మారుటకు వేరుగ రుసుము లేదు.

రెండవది లినక్స్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన పని యిది. సభ్యుల జేబులోని ఆండ్రాయిడ్ ఫోను నడచుచున్నదియు లినక్స్ కెర్నలు మీదనే. ఉబుంటు, మింట్ అనునవి దీని రూపములు. కొనవలసిన పని లేదు. మన దేశమున సీ-డాక్ సంస్థ ‘బాస్’ అను రూపమును తయారుచేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో లినక్స్ మీదనే పాఠములు జరుగుచున్నవి. విండోస్ 11 అంగీకరింపని పాత యంత్రములలో పెక్కింటిపై ఇది చక్కగ నడచును. ఆపిల్ వారి మాక్ ఆ సంస్థ యంత్రములకే పరిమితము, వెలయు నెక్కువ. పంచాయతీకి దాని ప్రసక్తి లేదు.

తెలుగు మాట యేమని సభ్యులడుగుదురు. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు రెంటను ఒక్కతీరుగనే కనిపించును. చిక్కు వచ్చునది పాత అను ఫాంట్లలోని తీర్మానములతోను, నోటీసులతోను. ఆ ఫాంటు లేని యంత్రమున అవి అర్థము లేని ఇంగ్లీషు గుర్తులుగ తెరచుకొనును. ఇది లినక్స్ దోషమని కొందరందురు కాని, క్రొత్త విండోస్ యంత్రమునను అదియే జరుగును. ఏ మార్గము త్రొక్కినను అట్టి కాగితములను యూనికోడ్‌లోనికి మార్చుకొనక తప్పదు. వర్డ్ ఫైళ్ళను లినక్స్‌లోని లిబ్రెఆఫీస్ తెరచును. పట్టికలు కొంచెము చెదరవచ్చును.

అసలు చిక్కు పరికరములది. డిజిటల్ సంతకపు టోకెను, వేలిముద్ర యంత్రము, స్కానరు — వీనికి తయారీదారు లినక్స్ డ్రైవరు ఇచ్చినాడో లేదో విచారింపవలెను. ఇయ్యనిచో ఆ కంప్యూటరునకు విండోసే శరణ్యము. మరియొక సంగతి. విండోస్ బాగుచేయువారు ఏలూరులోను తాడేపల్లిగూడెములోను సులభముగ దొరకుదురు. లినక్స్ తెలిసినవారు తక్కువ. లంక గ్రామమున యంత్రము నిలిచిపోయినపుడు ఇది చిన్న విషయము కాదు.

మా అభిప్రాయము ఇది. చెల్లింపులు జరుగు కంప్యూటరు విండోస్ 11కు తగినదైనచో దానికే మార్చవలెను. తగనిచో, లినక్స్‌పై టోకెను పనిచేయనిచో, ఆ యొక్క యంత్రమును మాత్రము క్రొత్తది కొనవచ్చును. టైపు, ఉత్తరములు, గ్రంథాలయమున చదువు వంటి పనులకున్న పాత యంత్రములను లినక్స్‌తో ఇంకను కొన్నియేండ్లు వాడుకొనవచ్చును.

లినక్స్‌ను స్థాపింపకయే పెన్‌డ్రైవు నుండి నడిపి చూచు వీలున్నది. అందువలన లోపలి విండోస్ చెడదు. ఒక మధ్యాహ్నము కార్యదర్శిని కూర్చుండబెట్టి ఈ-గ్రామస్వరాజ్ తెరిపించి, టోకెను పెట్టించి, ఒక తెలుగు నోటీసును ముద్రింపించి చూడుడు. స్థాపించుటకు ముందు రికార్డుల ప్రతిని వేరొక డిస్కులో తీసి బీరువాలో భద్రపరచవలెను.