గుట్ట మీద తెరచాప

ఫిల్మ్‌నగర్‌లో పడవ కట్టాలంటే నీళ్లతో పని లేదు. ప్లైవుడ్ షీట్లు, సర్వి బాదులు, ఇనుప ఫ్రేము, థర్మాకోల్, రంగు డబ్బాలు ఉంటే చాలు. సముద్రానికి దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరంలో, బండరాళ్ల మీద వెలసిన పేట ఇది. దగ్గర్లో నీళ్లంటే దుర్గం చెరువే. తెరచాప చూడాలనిపిస్తే హుస్సేన్‌సాగర్ దాకా వెళ్లాలి. అక్కడ పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవలు కూడా ఫైబర్‌వే.

అయినా ఈ గుట్టలకీ పడవకీ ఉన్న చుట్టరికం చిన్నది కాదు. తెలుగు తెర మీద పడవవాడు అనగానే గుర్తొచ్చేది ‘మూగమనసులు’ గోపి. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ సినిమాలో అక్కినేని నాగేశ్వరరావు గోదావరి మీద పడవ నడిపారు. 1973లో బాపు ‘అందాల రాముడు’ కోసం రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే లాంచీ ఎక్కారు. ఆ తర్వాత మూడేళ్లకే, నదిలో అంత పేరు తెచ్చుకున్న మనిషి ఈ రాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. పడవ మాత్రం ఆ కుటుంబాన్ని వదల్లేదు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’లో మనవడు సుమంత్ లాంచీ ఎక్కితే, 2025లో ‘తండేల్’ కోసం మరో మనవడు నాగచైతన్య శ్రీకాకుళం మత్స్యకారుడయ్యారు. మన హీరోల ఇళ్లలో వారసత్వంగా వచ్చేవి చాలా ఉంటాయి కానీ, పడవ రావడం ఇదొక్క ఇంట్లోనే చూశాను.

మరి ఆ పడవల్ని చేసేవాళ్లు? సెట్ వడ్రంగులకు జూబ్లీహిల్స్‌లో ఇళ్లుండవు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, చిత్రపురి కాలనీల నుంచి పొద్దున్నే బయల్దేరి వస్తారు. వాళ్లు అడిగి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి కెమెరా ఎటు పెడతారన్నదే. అటువైపు పడవకి పలకలుంటాయి, మేకుల తలలుంటాయి, ఉప్పునీళ్లు తిన్న చార కూడా ఉంటుంది. ఇటువైపు చూస్తే బాదులూ తాళ్లూ. నిన్న కోసిన ప్లైవుడ్‌ని ఇరవై ఏళ్ల నాటి చెక్కలా చూపించే పెయింటర్ల పనితనానికి దండం పెట్టాలి. ‘బాహుబలి 2’లో హంస నౌక ఎగిరిందంటే సాబు సిరిల్ కళాదర్శకత్వంతో పాటు పేర్లు తెలియని వడ్రంగుల చేతులూ ఉన్నాయి. సెట్ పడవని దొంగ పడవ అని తీసిపారేయడం నాకిష్టం లేదు. కాల్‌షీట్ రోజుకి సిద్ధం కావాల్సిన పని అది. ఆలస్యమైతే యూనిట్ మొత్తం ఖాళీగా కూర్చుంటుంది.

కానీ నిజం పడవ లెక్క వేరు. అది తెలియాలంటే కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని తాళ్లరేవు వెళ్లాలి. చెక్క పడవలకు ఆ పరిసరాలది పాత పేరు. పక్కనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. అక్కడి నుంచి రంగూన్ వెళ్లినవాళ్ల మూలంగా బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరు 25న మరొకటి ఆ రేవుని దెబ్బతీశాయి. గోదావరి మేట కూడా తోడై ఓడలు కాకినాడకు మళ్లాయి. రేవు పోయినా పనితనం మిగిలింది.

ఆ పనికి బ్లూప్రింట్ ఉండదు. కొలతలు మేస్త్రీ కంట్లో ఉంటాయి. ముందు అడుగు దుంగ పరుస్తారు. దానికి ముందూ వెనకా కొమ్ములు నిలబెట్టి, మధ్యలో పక్కటెముకల్లా వంకర చెక్కలు కూరుస్తారు. అసలు కష్టం ఈ వంకర చెక్కల దగ్గరే. నిటారు దుంగని వంపుగా కోస్తే పీచు తెగిపోయి, కెరటం కొట్టినప్పుడు అక్కడే విరుగుతుంది. అందుకే చెట్టుగా ఉన్నప్పుడే వంగి పెరిగిన కొమ్మని వెతుకుతారు. పడవ ఆకారం ముందు చెట్టులో దొరకాలన్నమాట. తర్వాత పలకలు. తడిపి, నిప్పు సెగ చూపించి మెల్లగా వంచుతారు. బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, అంచుకి అంచు ఆనిస్తారు. సందుల్లో పీచు గానీ దూది గానీ ఉలితో దట్టించి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. ఇంత చేసినా నీళ్లలో దింపిన మొదటి రోజుల్లో పడవ కారుతుంది. చెక్క నీరు పీల్చి ఉబ్బాక సందులు వాటంతటవే బిగుస్తాయి. కంగారుపడి ముందే మరీ బిగించి కొడితే ఆ ఉబ్బుకి పలకలే తన్నుకుంటాయి.

మన తీరంలో మేకు లేకుండా కట్టిన పడవలూ ఉన్నాయి. మసూలా పడవ పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఒడ్డున విరిగే కెరటాల దెబ్బకి అది కాస్త వంగి సర్దుకుంటుంది. మేకులు కొట్టిన బిగువు పడవైతే అక్కడ నిలవదు. ఇక తెరచాప ఉన్న పడవల్లో అది మూడు మూలల గుడ్డ, ఏటవాలు వాసానికి కట్టి ఎత్తుతారు. గాలి పక్క నుంచి వచ్చినా పడవ ముందుకే పోతుంది.

ఇంజన్లు వచ్చాక తెరచాపకి పని తగ్గింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ బంగాళాఖాత కార్యక్రమం మొదలుపెట్టి, కెరటాల్లో దిగగలిగే ఫైబర్ పడవల్ని తూర్పు తీరంలో పరీక్షించింది. ఆ తర్వాత తెప్పల చోట ఫైబర్ పడవలు వరస కట్టాయి. మత్స్యకారుణ్ని తప్పుపట్టడానికేం లేదు. టేకు ధర ఆకాశంలో ఉంది. ఫైబర్ తేలిక, పురుగు పట్టదు, సందులు కారవు.

తీరంలో పడవకీ, ఫిల్మ్‌నగర్‌లో సెట్ విగ్రహాలకీ స్తంభాలకీ ఇప్పుడు సరుకు ఒక్కటే. అదే గాజు పీచు, అదే రెజిన్, అదే మోల్డు. అయితే మోల్డు ఊరికే రాదు. కొత్త సైజు పడవ కావాలంటే ముందు ఎవరో ఒకరు పూర్తి ఆకారాన్ని, సాధారణంగా చెక్కతోనే, చేసిపెట్టాలి. అక్కడికి మళ్లీ వడ్రంగి కావాలి. వంపులన్నీ సరిచూసి, నున్నగా చిత్రిక పట్టి ఇచ్చాక దాని మీద మోల్డు తీస్తారు. ఆ చెక్క పడవ పని అంతటితో అయిపోతుంది. దాన్ని ఎవరూ నీళ్లలోకి దింపరు. ఆ లెక్కన అదీ సెట్టే.