ఓమ్ నియమము

జర్మనీ దేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున 1789వ సంవత్సరమున జార్జి సైమన్ ఓమ్ జన్మించెను. అతని తండ్రి తాళములు చేయు పనివాడు. ఆయన పాఠశాలలో చదివినవాడు కాకున్నను, స్వయంకృషిచే గణితము నేర్చి కుమారులకు తానే బోధించెను. ఓమ్ పెద్దవాడై 1817లో కొలోన్ నగరమున ఉపాధ్యాయుడయ్యెను. అచటి పాఠశాలలోని పరికరములతో విద్యుత్తును గూర్చి పరిశోధింపసాగెను.

తీగ పొడవైనకొలది దానిలోని విద్యుత్ప్రవాహము తగ్గుచుండును. ఎంత తగ్గును? ఇదియే అతని ప్రశ్న. ఆనాటి విద్యుద్ఘటముల బలము నిలుకడగా నుండకపోవుటచే మొదట కొలతలు సరిపడలేదు. అందుచే నతడు రాగియు బిస్మతును కలిసిన రెండు సంధులలో నొకదానిని మరగు నీటియందును, వేరొకదానిని మంచునందును ఉంచి, నిలుకడగల ప్రవాహమును పొందెను. వేరువేరు పొడవులు గల రాగి తీగలను దానికి తగిలించి, అయస్కాంతసూచిపై కలుగు ప్రభావమును బట్టి ప్రవాహమును కొలిచెను.

విద్యుత్తును ముందుకు నెట్టు బలమును వోల్టులలోను, ప్రవాహమును ఆంపియరులలోను, తీగ చూపు నిరోధమును ఓములలోను కొలుతురు. వోల్టులను ఓములచే భాగించినచో ఆంపియరులు వచ్చును. ఆంపియరులను ఓములచే హెచ్చించినచో వోల్టులు వచ్చును. ఉష్ణోగ్రత మారనంతవరకు లోహపు తీగలకు ఈ నియమము వర్తించును. మూడింటిలో రెండు తెలిసినచో మూడవది తెలియును.

12 వోల్టుల బ్యాటరీకి 2 ఓముల తీగయు, 4 ఓముల తీగయు ఒకదానివెంట నొకటి కలుపబడినవనుకొందము. మొత్తము నిరోధము 6 ఓములు. 12ను 6చే భాగింపగా ప్రవాహము 2 ఆంపియరులు. త్రోవ ఒక్కటియే గనుక రెండు తీగలలోను ప్రవాహ మొక్కటియే. మొదటి తీగ కొనల నడుమ 2ను 2చే హెచ్చింపగా 4 వోల్టులు; రెండవదాని కొనల నడుమ 2ను 4చే హెచ్చింపగా 8 వోల్టులు. ఈ రెండును కూడగా 12 అగుచున్నవి. లెక్క సరియైనదని బ్యాటరీయే సాక్ష్యము చెప్పుచున్నది.

ఓమ్ 1827లో ఈ సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను. స్వదేశపు పండితులు పలువురు దానిని లక్ష్యపెట్టలేదు. అతడు కొలోన్‌లోని కొలువు విడిచి, కొన్నియేండ్లు చిన్న యుద్యోగములతో కాలము గడపెను. అయినను కొలతలు నిజమైనవి గనుక సిద్ధాంతము నిలిచెను. 1841లో లండనులోని రాయల్ సొసైటీవారు అతనికి కోప్లీ పతకము నొసంగిరి. 1854లో ఓమ్ మరణించెను. నేడు లోకమంతట నిరోధమును కొలుచు ప్రమాణమునకు ఆ తాళములు చేయువాని కుమారుని పేరే వాడుచున్నారు.