పోలీసులు రాకుండా ముట్టుకోకండి!

మొన్న మా ఊరి బైపాస్ మీద ఇసుకలో బండి జారి ఒక కుర్రాడు పడ్డాడు. మోకాలి కింద రక్తం ప్యాంటంతా తడిపేసి తారు మీదకి పాకుతోంది. చుట్టూ ఇరవై మంది చేరారు, సగం మంది వీడియో తీస్తున్నారు. లేపబోయిన ఆటో అబ్బాయిని ఒక పెద్దాయన గదిమాడు: "పోలీసులు రాకుండా ముట్టుకోకయ్యా, కేసు నీ మెడకి చుట్టుకుంటుంది." ఆ ధీమా చూస్తే చట్టం ఆయనే రాశాడేమో అనిపించింది. ఎలాగో ఆటోలో వేసుకుని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి వెళ్తే, కాంపౌండరు స్ట్రెచరైనా తేకుండా "ఇది ఎమ్మెల్సీ కేసండీ, పెద్దాసుపత్రికి తీసుకుపొండి" అన్నాడు.

ఎమ్మెల్సీ అంటే ఇక్కడ శాసనమండలి సభ్యుడు కాదు, మెడికో లీగల్ కేసు. గాయం వెనక పోలీసులకి తెలియాల్సిన సంగతేదో ఉండొచ్చు కాబట్టి డాక్టరు వివరాలు రాసిపెట్టి స్టేషన్‌కి కబురు పంపాలి, అంతే. ఆ కబురు పంపడం ఆసుపత్రి పని, మీది కాదు. ఎఫ్ఐఆర్ చూపిస్తేనే వైద్యం చేస్తామనడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు.

ఒప్పుకోదని సుప్రీంకోర్టు చెప్పి ముప్పై అయిదేళ్లు దాటింది. స్కూటర్ మీద పోతున్న ఒకాయన్ని కారు గుద్దింది. దగ్గరి ఆసుపత్రికి చేరిస్తే, ఇలాంటి కేసులు మేం చూడకూడదంటూ 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో ఆసుపత్రికి పంపారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో ఆ వార్త చదివి పరమానంద్ కటారా అనే ఆయన కోర్టుకెక్కారు. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలని, కాగితాల తతంగం దానికి అడ్డు రాకూడదని 1989 ఆగస్టు 28న తీర్పొచ్చింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనూ డాక్టర్లకి అదే చెబుతుంది. ఇంత జరిగినా "పెద్దాసుపత్రికి పొండి" అన్న మాట మాత్రం చావలేదు.

తీసుకెళ్లినవాణ్నే ఇరికిస్తారన్న భయాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. ఒకప్పుడు సాయం చేసినవాడు స్టేషన్‌కీ వాయిదాలకీ తిరగలేక చచ్చేవాడు, నిజమే. 2016లో సుప్రీంకోర్టు అలాంటివాళ్లకి రక్షణ కల్పించింది, 2019 సవరణతో చట్టంలోకి 134ఏ సెక్షన్ వచ్చింది. పేరు చెప్పాలో వద్దో మీ ఇష్టం. ఆసుపత్రి మిమ్మల్ని ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. ఈ హక్కులు అందరికీ కనపడేలా రాసిపెట్టాలని కూడా నియమం ఉంది. నేను చూసిన ఒకచోట ఆ బోర్డు క్రోటన్ కుండీ వెనక ఉంది. అయినా ఎస్సై నుంచి ఒక ఫోను వస్తే రావచ్చు. వస్తే వచ్చింది.

నాకు ఒళ్లు మండేది బంధువుల తెలివితేటలు చూసినప్పుడు. "మెట్ల మీంచి జారాడని రాయించండి, కేసు గొడవుండదు" అని చెవిలో ఊదుతారు. బండి మీంచి ఎగిరిపడ్డవాడికి కడుపులో రక్తస్రావం ఉందేమోనని డాక్టరు వెతుకుతాడు. మెట్లంటే కాలికి కట్టు కట్టి పంపెయ్యొచ్చు. రేపు పరిహారం కోసం ట్రైబ్యునల్‌కి వెళ్తే, బీమా కంపెనీ లాయరు మొదట చదివి వినిపించేది కేస్‌షీట్‌లోని ఆ ఒక్క ముక్కే. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజులపాటు లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం అందుతుంది. అది మెట్లకి వర్తించదు.

పురుగుమందు తాగినవాళ్ల విషయంలో ఈ దాపరికం ఇంకా ఘోరం. కేసవుతుందని భయపడి డబ్బా చెరువులో పారేసి వస్తారు. ఏ మందో తెలిస్తేనే కదా చికిత్స ఎటో తేలేది! ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షన్ 2024 జూలై 1న ఐపీసీతోపాటే పోయింది. డబ్బా పట్టుకెళ్లండి.

ఆసుపత్రికి చేరేలోపు గాయం మీద కాఫీపొడి వద్దు, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. 108కి డబ్బులివ్వక్కర్లేదు.

ఇక నర్సింగ్ హోమ్‌లో సీటీ స్కాన్ లేకపోవచ్చు, సర్జన్ ఊళ్లో ఉండకపోవచ్చు. అప్పుడు వేరేచోటికి పంపడం తప్పు కాదు. కానీ రక్తం ఆపి, ఊపిరి ఆడేలా చూసి, అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి పంపాలి. ఏం చేశారో, ఎన్ని గంటలకి పంపారో కాగితం మీద రాసిమ్మనండి. ఆ రోజు మా ఆటో అబ్బాయి ఆ ఒక్క మాటే అడిగాడు: "మేం చూడం అని రాసిచ్చెయ్యండి సార్, పోతాం." కాంపౌండరు లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాల్లో స్ట్రెచరూ వచ్చింది, డాక్టరూ వచ్చాడు.