షోలవరం హెరాల్డుకు రేకులెక్కడ దొరుకుతాయి?

పాత కారు బాగు చేయడమంటే ఇంజను బాగు చేయడమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంజను పనికి ఒక లెక్క ఉంది. పిస్టను అరిగినా, బేరింగు అరిగినా కొలిచి, లేతు మీద పని చేయించి, మళ్ళీ నడిపించవచ్చు. కారు పైతొడుగు అలాంటిది కాదు. బానెట్, మడ్గార్డు, తలుపు - వీటి వంపుల కొలతలు రిపేరు పుస్తకాల్లో ఉండవు. అందులోనూ ఆ కారు ఒకప్పుడు పందెంలో పరుగెత్తిందైతే చిక్కు రెట్టింపవుతుంది. ఆ చిక్కేమిటో, దాన్ని విప్పే దారులేమిటో మెకానికల్ విద్యార్థులకే కాక తక్కిన మిత్రులకూ అర్థమయ్యేలా చెప్పాలని నా ప్రయత్నం.

మన పక్కనే పందెం

కారు పందేలంటే ఎక్కడో సీమదేశాల సంగతి అనుకోనక్కరలేదు. తిరుపతి నుంచి బస్సెక్కితే పూట లోపల చేరగల షోలవరం, మద్రాసుకు ఉత్తరాన, కలకత్తా రోడ్డు మీద ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాల కోసం రన్‌వే వేశారు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ రన్‌వే మీద ఏళ్ళ తరబడి పందేలు నడిపింది. 1990 ప్రాంతంలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా ట్రాక్ వచ్చాక షోలవరం సందడి సద్దుమణిగింది.

అక్కడ పరుగెత్తినవన్నీ విదేశీ బళ్ళు కావు. మనం రోడ్డు మీద చూసిన అంబాసిడర్, ఫియట్, హెరాల్డు కార్లే సీట్లు పీకి, బరువు తగ్గించుకుని బరిలోకి దిగేవి. వీటిలో హెరాల్డు మన దక్షిణాది బండి. ఇటలీ శిల్పి మికెలొట్టి గీసిన ఆకారంతో ట్రయంఫ్ హెరాల్డు 1959లో ఇంగ్లండులో వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ దాన్ని స్టాండర్డ్ హెరాల్డు పేరుతో తయారు చేసింది.

చిత్తూరు దగ్గర మా మిత్రుడి మేనమామగారి మామిడితోపు షెడ్డులో అలాంటి రెండు తలుపుల హెరాల్డు ఒకటి ఉంది. షోలవరంలో పరుగెత్తిన బండి అని ఆయన చెబుతారు. తలుపు మీది రంగు గీకితే కింద పందెం నంబరు బయటపడింది కాబట్టి నమ్మక తప్పలేదు. బానెట్ లేదు. కుడిపక్క రేకులు తుప్పు తిన్నాయి. సెలవుల్లో నేనూ ఇద్దరు మిత్రులూ దాని పని మీదే ఉన్నాం.

రేకు అందం కోసమా, ప్రాణం కోసమా?

రేకుల కోసం వెతకబోయే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ రేకు బరువు మోస్తోందా, ఊరికే కప్పుతోందా? హెరాల్డుకు లారీకి ఉన్నట్టే అడుగున విడిగా చట్రం ఉంటుంది. పైతొడుగును ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగిస్తారు. బానెట్, ముందు మడ్గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలుతాయి. కాబట్టి ఆ ముక్క కొత్తగా చేయించినా బండి బలానికి లోటు రాదు. తుప్పు చట్రానికి పాకిందా లేదా అన్నదే అసలు పరీక్ష.

అదే ఫియట్ 1100 అయితే కథ వేరు. దానికి విడి చట్రం లేదు. రేకులన్నీ అతికి పెట్టెలా నిలబడతాయి. తలుపు కింద ఉండే పట్టీ కూడా బరువు మోస్తుంది. తుప్పు తిన్న ఆ పట్టీ మీద పల్చటి రేకు అతికి, లప్పం పూసి, రంగు కొట్టితే చూపుకు బాగానే ఉంటుంది. గుద్దుకున్న రోజున లోపల ఉన్నవాణ్ణి కాపాడదు. వేగంగా నడిపే బండికి ఇలాంటి పని చేయడం ప్రాణంతో చెలగాటమే.

వెతకవలసిన చోట్లు

మొదట పాత ఇనుము కొట్లు. మద్రాసు పుదుప్పేట పాత కారు సామాన్లకు పేరు పడ్డ చోటు. రెండోది, బండి పక్కన పడేసి మరిచిపోయిన ఇళ్ళు. ఊరూరా అడగాలి. మూడోది ఇంగ్లండు. అక్కడ 1977లో మొదలైన ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్బు హెరాల్డు యజమానులకూ ఆసరా. అయితే జాగ్రత్త! 1968లో మన దేశంలో వచ్చిన నాలుగు తలుపుల హెరాల్డు ఇంగ్లండులో తయారే కాలేదు. దాని వెనక తలుపు కోసం లండను దాకా జాబులు రాసినా లాభం లేదు. మాది రెండు తలుపుల బండి కావడం అదృష్టమే గానీ, బానెట్ అంత పెద్ద ముక్కను ఓడలో తెప్పిస్తే రేకు ధర కంటే కూలి, సుంకం భారమవుతాయి.

అప్పుడు మిగిలింది చేయించుకోవడమే. తిరుపతిలో ఒక ముసలి టింకరింగ్ మేస్త్రీ మాకు మొదట చెప్పిన మాట ఇది: "పాత రేకు పారేస్తిరా నాయనా, ఇంక కొలత యాడి నుంచి తెస్తారు? ఎంత తుప్పు పట్టినా దాన్ని బెట్టుకోండి." అక్షరాలా నిజం.

చేసే విధానం

పాల డబ్బాకు కాగితం చుట్టగలం. బత్తాయి పండుకు చుట్టబోతే ముడతలు పడుతుంది. రేకు కూడా అంతే. ఒకవైపే వంగేది సులువు. రెండువైపులా వంగాలంటే నడుమ రేకు సాగాలి, లేదా అంచు కుదించుకోవాలి. ఇత్తడి బిందె కొట్టే కంచరి చేసేదీ ఇదే.

మాకు ఎడమపక్క రేకులు బాగున్నాయి. వాటి మీద ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక అట్ట పెట్టి వంపు కత్తిరించుకున్నాం. ఆ అట్టలను తిరగేస్తే కుడిపక్క వంపు వస్తుంది. వాటిని బట్టి ప్లైవుడ్డు పక్కటెముకలు కోసి వరుసగా నిలబెడితే కొయ్య నమూనా తయారు. 20 గేజి రేకును, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం ఉన్నదాన్ని, ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టి సాగదీస్తారు. మాటిమాటికీ నమూనా మీద ఆనించి చూస్తారు. చివర గ్యాస్ వెల్డింగు, సుత్తి-డాలీలతో నునుపు.

పందెం బళ్ళకు అల్యూమినియం కూడా వాడేవారు. దాని బరువు ఇనుములో మూడోవంతే. కొట్టేకొద్దీ అది గట్టిపడి పగులుతుంది. మళ్ళీ మెత్తబరచాలంటే కాల్చాలి. కానీ అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగిపోతుంది. అందుకే మేస్త్రీలు ముందుగా సబ్బు రాసి మంట చూపిస్తారు. సబ్బు నల్లబడగానే మంట తీసేస్తారు. ఇదే వాళ్ళ థర్మామీటరు.

మూడోది ఫైబరు. నడిచే హెరాల్డు ఉన్న ఒక పెద్దాయన తన బానెట్ అచ్చు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. దాని మీద మైనం పూసి, రెజిను, గాజుపీచు పొరలు వేస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చులోంచి మా బానెట్. ఇక్కడ ఒక ప్రాణాపాయం ఉంది. రెజిను గట్టిపడటానికి కోబాల్టు, హార్డెనరు రెండూ వాడతారు. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలుతుంది. ముందు కోబాల్టును రెజినులో బాగా కలిపి, తర్వాతే హార్డెనరు చేర్చాలి.

ఏది అసలు రూపం?

2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన బళ్ళకు వింటేజి రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. బండి అసలు రూపంలో ఉండాలనీ, చట్రం, పైతొడుగు, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదనీ షరతు. మరి పందెం కారుకు అసలు రూపమేది? ఫ్యాక్టరీ గేటు దాటిన నాటిదా, షోలవరంలో పరుగెత్తిన నాటిదా? పందెం బండికి గుద్దుకోవడం, రేకు మార్చడం మామూలే.

మేము ముగ్గురం చాలా వాదించుకున్నాం. చివరికి తేల్చుకున్నది ఇది. రోడ్డు మీద నడపాలంటే ఫ్యాక్టరీ రూపమే పెట్టాలి. అందుకని ఫైబరు బానెట్ తాత్కాలికం, ఇనుప బానెట్ కోసం వెతుకులాట ఆగదు. నంబరున్న తలుపు మీద మాత్రం కొత్త రంగు వేయం. ఏ రేకు పాతది, ఏది కొత్తది, ఎవరి చేత ఎప్పుడు చేయించామన్నది నోటుబుక్కులో రాసి, ఫోటోలు అంటించి బండిలోనే ఉంచుతాం. కొత్త రేకును పాతదని నమ్మించడం మోసం. కొత్తదని రాసి పెట్టడం చరిత్ర.

మిత్రులారా, పాత కార్లు డబ్బున్నవాళ్ళ సరదా అని కొట్టిపారేయకండి. పాత రేకు దొరక్కపోవడం కంటే పెద్ద కష్టం, రేకు కొట్టే చెయ్యి దొరక్కపోవడం. మా మేస్త్రీ కొడుకులు ఈ పని నేర్వలేదు. లోహం ఎలా సాగుతుందో, ఎందుకు గట్టిపడుతుందో మనం క్లాసులో గ్రాఫు గీసి మార్కులు తెచ్చుకుంటాం. ఆయన సుత్తి చప్పుడు విని చెబుతాడు. ఈ రెండు చదువులూ ఒకచోట కలవాలి. వచ్చే సెలవుల్లో మీ ఊరి షెడ్డుకు వెళ్ళి పది రోజులు కూర్చోండి. సుత్తి ఇస్తే పట్టుకోండి.