గర్భిణుల రక్తపుపోటును చిత్రమున చూచుట



వరంగల్లు త్రోవ పల్లెలనుండి ఉప్పల్ కూడలిలో బస్సు దిగి స్కానింగునకు వచ్చు గర్భిణులతో నేను మాటలాడినంతవఱకు, వారిలో పెక్కండ్రు అయిదవ నెల వచ్చినపిదపనే మొదటిసారి బయలుదేరినవారు. బీదతనమొక్కటే ఇందులకు కారణము కాదు. మూడు నెలలు నిండువఱకు కడుపు సంగతి బయట పొక్కరాదని ఇంటి పెద్దలమైన మనమే కట్టడి చేసితిమి. దృష్టిదోషభీతి మంచిచెడ్డలు నేటి ప్రసంగవిషయము కావు. అయితే ఇరుగుపొరుగులకు చెప్పకుండుట వేఱు, వైద్యురాలికి చెప్పకుండుట వేఱు. మనము దాచిపెట్టు ఆ నెలలలోనే ఒక పెనువ్యాధి గర్భమున వేరూనుచుండును. దాని జాడను నేడు చిత్రయంత్రముతో కొంతవఱకు ముందుగనే పట్టవచ్చును.

ఇరువది వారములు దాటిన గర్భిణికి రక్తపుపోటు 140/90 చేరి, మూత్రమున మాంసకృత్తు దిగుటగాని, కాలేయము, మూత్రపిండములు మొదలగునవి దెబ్బతినుటగాని కనబడినచో దానిని వైద్యులు ప్రీఎక్లాంప్సియా అందురు. అది ముదిరి మూర్ఛలు వచ్చినపుడు మన ఊళ్ళలో గుఱ్ఱపువాతమనుట మీరెఱుగుదురు. కాళ్ళకు నీరు దిగుట కడుపుతోనున్నవారికి సహజమే అని ముసలమ్మలు ధైర్యము చెప్పుదురు. పెక్కుసారులు అది నిజమే. చిక్కంతయు అందులోనే ఉన్నది.

ఈ వ్యాధికి మూలము మావిలో నున్నది. ఉప్పల్, నాచారము చెరువులక్రింద సేద్యము చేసిన తరమువారికి ఈ సంగతి ఇట్టే బోధపడును. తూమునుండి మడికి పోవు కాలువ ఇఱుకైనచో నీరు గట్టును కోయునేగాని మడిని తడుపదు. గర్భసంచి గోడలో మావిక్రింద మెలికలు తిరిగిన సన్నని రక్తనాళములు కలవు. మొదటి నెలలలో మావి కణములు ఆ నాళములలోనికి చొచ్చి, వాని కండరపుపొరను తొలగించి, కాలువలను వెడల్పు చేయును. కొందఱిలో ఈ పని సగములో ఆగిపోవును. నెత్తురు చాలని మావి తల్లి రక్తములోనికి కొన్ని ద్రవ్యములను విడుచును. అవి ఆమె దేహమంతటి నాళముల లోపొరను చెఱచును. పోటు పెరుగుట ఆ తరువాతి మాట. కావున చేతికి పట్టీ చుట్టి చూచునప్పటికి వ్యాధి కొన్ని వారములు ముందే నడచియుండును.

ఇక చిత్రము మాట. ఇనుములో బీటలు వెదకుటకు కర్మాగారములవారు వాడిన ధ్వనియంత్రమును గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డు ఉదరపరీక్షకు మలచి, 1958లో తన ఫలితములను ప్రకటించెను. నాచారపు కర్మాగారములలో పనిచేసినవారికి ఇది వింతగా తోచదు. ఈ ధ్వని మన చెవికి వినరాదు. ఎక్సురే కిరణములిందు లేవు. తగిలి మరలివచ్చు ధ్వనినిబట్టి తెరపై రూపమేర్పడును. మౌలాలి రైలుకట్ట ప్రక్క నిలిచిన పిల్లవాడును కనిపెట్టు విషయమొకటి కలదు: ఎదురువచ్చు బండి కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోవు బండి కూత తగ్గు స్థాయిలోను వినబడును. 1842లో డాప్లరు అను ఆస్ట్రియా పండితుడు ఈ మార్పునకు సూత్రము చెప్పెను. పరుగెత్తు నెత్తురునుండి మరలివచ్చు ధ్వనియు అట్లే మాఱును. 1983లో స్టూవర్టు కాంబెల్ మొదలగువారు ఈ ఉపాయముతో గర్భసంచికి నెత్తురు చేర్చు నాళముల ప్రవాహమును పరీక్షించిరి. వెడల్పైన నాళములో గుండె కొట్టుకొను రెండు దెబ్బల నడుమను ప్రవాహము నిండుగ సాగును. ఇఱుకైనదానిలో దెబ్బ తగ్గగనే ప్రవాహము కుంగును. ఆ కుంగుబాటు తెరపై గంటు వలె కనబడును.

మూడవ నెలలో ఆ గంటు ఆరోగ్యవతులకును ఉండవచ్చును. అందుచే చిత్రమొక్కదానిని నమ్మరాదు. ఆమె పోటు, పూర్వకాన్పుల చరిత్ర, రక్తపరీక్ష కలిపి లెక్కింతురు. 2017లో ప్రకటింపబడిన ఆస్ప్రే అను పరిశోధనలో ఇట్లు లెక్కించి అపాయము హెచ్చని తేలినవారికి 11–14 వారముల నడుమనుండి 36వ వారమువఱకు రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చిరి. 37 వారములకు ముందే కాన్పు చేయవలసివచ్చునట్టి తీవ్రవ్యాధి ఉత్తుత్తిమాత్ర తిన్నవారిలో నూటికి 4.3 మందికి రాగా, ఆస్పిరిన్ తిన్నవారిలో 1.6 మందికి మాత్రమే వచ్చెను. పదియాఱవ వారము దాటి మొదలిడినచో ఇంత మేలు కనబడదు. మనము దాచుకొను నెలల వెల ఇది. అయినను అంగడిలో కొని తెచ్చి కోడలిచే మ్రింగించు మాత్ర కాదిది, వైద్యురాలే చెప్పవలయును.

నెలలు నిండుకొలది ఇదే యంత్రముతో బొడ్డుత్రాటి ప్రవాహమును చూచి, బిడ్డను ఇంక లోపల ఉంచవచ్చునా అని నిర్ణయింతురు. మూర్ఛ వచ్చినవారికి అయస్కాంత చిత్రమున మెదడు వెనుకభాగపు వాపు కనబడుట కలదు. స్కానింగు గదిలో లింగనిర్ధారణ నేరమని 1994 నాటి చట్టము ననుసరించి పలక వ్రేలాడుచుండును. అట్టి పలక అవసరమైనందులకు సిగ్గుపడవలసినది యంత్రము కాదు.

నాచారమున కార్మికకుటుంబములకు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు, ఇతరులకు ప్రభుత్వాసుపత్రులు కలవు. ఎచ్చటికి పోయినను మూడవ నెల స్కానింగునాడు, గర్భసంచి నాళముల డాప్లరు కూడ చూతురా అని అడుగుడు. చిత్రము బాగుగనున్నదని ప్రతి పరీక్షకును పోటు చూపించుట మానరాదు. తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకబాఱుట, ఱొమ్ముక్రింద కడుపునొప్పి, ముఖము ఉబ్బుట కనబడినచో స్కానింగునకు వేచియుండక 108కి కబురు చేయుడు. కాన్పైన పిదపను ఆఱు వారములవఱకు ఈ భయము పూర్తిగ తొలగదు గనుక, బాలెంత పుట్టింటనున్నను ఆమె పోటు చూపించు పూచీ అచ్చటి పెద్దలది.